నేను చూడని తీరం అమ్మాను

నేను రిటైరయ్యాను. వయసు ముప్పై ఒకటి. వీడ్కోలు సభ లేదు, శాలువా లేదు, ‘వీరి సేవలు మరువలేనివి’ అనడానికి మైకు పట్టుకున్నవాళ్లెవరూ లేరు. మా యజమాని మల్హోత్రా సాబ్ ఒక శుక్రవారం ట్రావెల్ ఏజెన్సీ బోర్డు దింపించి, అవే మేకులకి పేజర్ల బోర్డు తగిలించాడు. ఇక మీదట ఈ దేశంలో ప్రతి నడుముకీ ఒక పేజరుంటుందనీ, ఈ వ్యాపారానికి చావు లేదనీ చెప్పాడు. నన్ను కూడా రమ్మన్నాడు. ఎనిమిదేళ్లు భయపడి అలిసిపోయానని, ఇప్పుడు నడుముకి మోగే యంత్రం కట్టుకుని మళ్లీ మొదటినుంచి భయపడలేనని చెప్పి బయటికొచ్చాను.

అయినా ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఉంటారు. కరోల్ బాగ్‌లోనో నెహ్రూ ప్లేస్‌లోనో, గోడకి నీలం సముద్రం పోస్టరు, బల్ల మీద రెండు ఫోన్లు, అందులో ఒకటి పనిచేయదు. ఆ బల్ల వెనక కూర్చోబోయేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నా జీతం గురించి రాయను. అది ఎవరికీ ప్రేరణ కాదు.

మా ఆఫీసు కనాట్ ప్లేస్ వెనక సందులో రెండో అంతస్తు. మేం అమ్మింది మధ్యధరా సముద్రం ఒడ్డున ఒక తీరం, ఎనిమిది రోజుల గ్రూప్ టూరు. ఏ దేశమో చెప్పను. వాళ్ల ఎంబసీతో నాకింకా పనుంది.

ఎండ అమ్మకం

విదేశం నుంచి మాకు వచ్చే రంగుల పుస్తకాల్లో మొదటి పేజీ నిండా ఎండే. ఎండలో పడుకున్న జనం, ఎండలో మెరిసే పడవలు. చలిదేశాల వాళ్ల కోసం వేసిన పుస్తకాలవి. వాటిని పట్టుకుని నేను మే నెలలో, ఢిల్లీలో, కూలర్లో నీళ్లయిపోయిన గదిలో కూర్చుని వ్యాపారం మొదలుపెట్టాను. నా మొదటి కస్టమరు ఘజియాబాద్ నుంచి బస్సులో వచ్చాడు. నుదుటి మీద తడి రుమాలు. ‘అక్కడ రోజంతా బంగారంలాంటి ఎండ కాస్తుంది సార్’ అన్నాను. ఆయన నన్ను కాసేపు చూసి, గ్లాసుడు నీళ్లడిగి, తాగి, సిమ్లా వెళ్లిపోయాడు.

మల్హోత్రా సాబ్ లోపలి గదిలోంచి విన్నాడు. ఆయన హిందీని తెలుగులో రాస్తున్నాను. తిట్లు తీసేశాను, అందుకే పొట్టిగా ఉంది.

“ఢిల్లీవాడికి ఎండ అమ్ముతావేంట్రా? వాడి దగ్గర గోడౌన్ నిండా ఉంది.”

మంచి యజమానా అంటే కాదు. చెడ్డవాడా అంటే అంత శ్రద్ధ కూడా ఉండేది కాదు. కానీ ఆ ఒక్క మాటతో నేను అమ్మే పద్ధతి మారింది. తిరిగొచ్చిన ప్రతి కుటుంబానికీ టీ తాగించి, అక్కడ ఏం బాగుందని అడిగేవాణ్ణి. ఎవరూ ఎండ అనలేదు. నీడ అన్నారు. ఎండలోంచి ఒక్క అడుగు పక్కకి వేస్తే చెమట ఆరిపోతుందట. మధ్యాహ్నం ఊరంతా కిటికీ చెక్కలు మూసుకుని పడుకుంటుందట, దుకాణాలతో సహా. అది విని, తర్వాత్తర్వాత వచ్చిన మా తెలుగు కస్టమర్ల మొహాలు వికసించేవి. సాయంత్రం అందరూ కుర్చీలు వీధిలో వేసుకుని, ఏ పనీ లేకుండా, ఏ సిగ్గూ లేకుండా కూర్చుంటారట. ఒడ్డున ఇసుక బదులు గులకరాళ్లు, అల వెనక్కి వెళ్లేటప్పుడు అవి గలగలమంటాయట. నిమ్మకాయలు మన కమలాపళ్లంత. ఒక పంజాబీ పెద్దాయన మాత్రం ఆ సముద్రానికి సరైన అలలు లేవని, డబ్బు తిరిగివ్వమని అడిగాడు.

అప్పట్నుంచి నేను నీడ అమ్మాను. బాగా పోయింది.

అసలు పని

ఈ పనిలో చేరేవాళ్లకి ఎవరూ చెప్పని సంగతొకటుంది. మనం రోజంతా చూసేది తీరాన్ని కాదు, భయాన్ని. విమానమంటే భయం, శాకాహారం దొరకదని భయం, ఇంటికి తాళం వేశామా లేదా అని భయం. వీటన్నిటినీ మించి వీసా. ఎంబసీ గేటు బయట, చాణక్యపురిలో, ఒక వేపచెట్టుంది. మా ఏజెంట్లందరం దాని కింద నిలబడేవాళ్లం. కస్టమరు లోపలికెళ్తాడు, తలుపు మూసుకుంటుంది, ఇక మన చేతిలో ఏమీ ఉండదు. ఒక్కసారి నిరాకరణ ముద్ర పడిందంటే ఆ పాస్‌పోర్టు చూసిన తర్వాతి దేశమూ అనుమానపడుతుంది. నా కడుపులో మంట ఆ చెట్టు కిందే మొదలైంది. డాక్టరు కారం తగ్గించమన్నాడు. కారం కాదు డాక్టరుగారూ, వీసా కౌంటర్ నంబర్ రెండు అన్నాను. ఆయన నవ్వలేదు, మందు రాసిచ్చాడు.

నేను ఢిల్లీకి వచ్చింది ఐఏఎస్ అవడానికి. కోచింగ్ సెంటర్ల జియా సరాయ్‌లో మంచం పట్టేంత గది, కింద ఫొటోస్టాట్ షాపు. ఐఏఎస్ అవలేదు, దేశం పెద్దగా పట్టించుకోలేదు. కానీ ఆ సందుల్లో నేర్చుకున్న విద్య ఒకటి మిగిలింది: ఏ ప్రశ్నకైనా ఒక మోడల్ ఆన్సరుంటుంది, దాన్ని బట్టీ పడితే చాలు. దాన్ని తెచ్చి వీసా ఇంటర్వ్యూకి అతికించాను. ‘ఈ తీరానికే ఎందుకు వెళ్తున్నారు?’ అన్న ప్రశ్నకి ఇంగ్లీషులో మూడు వాక్యాల జవాబు తయారుచేశాను. మొదటిది సముద్రం నీలం గురించి. రెండోది చిత్రకారులను శతాబ్దాలుగా ఆకర్షించిన ఆ వెలుతురు గురించి. మూడోది, మేము ఎనిమిది రోజులు ఆనందించి మా ప్రియమైన దేశానికి తిరిగివస్తాము అని.

కొన్నేళ్లు అద్భుతంగా పనిచేసింది. ఎందుకు పనిచేసిందో తర్వాత అర్థమైంది. మా పంజాబీ కస్టమర్లు గేటు దాటేసరికి సగం మర్చిపోయి, మిగతా సగం సొంతంగా చెప్పేవాళ్లు. పూర్తిగా, కామాలతో సహా, గుర్తుపెట్టుకునేవాళ్లు అప్పటిదాకా రాలేదు.

తర్వాత మనవాళ్లు వచ్చారు.

సిస్టర్ రత్నకుమారి

ఆవిడ ఢిల్లీలో ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సు. భర్త ప్రకాశరావుగారు కేంద్ర ప్రభుత్వంలో గుమాస్తా. ఆర్.కె. పురంలో క్వార్టరు, కాలేజీకెళ్లే కూతురు. ఆవిడ నా బల్ల ముందు కూర్చుని, నేను పోస్టరు వైపు చెయ్యెత్తేలోపే, బ్యాగులోంచి మడిచిన కాగితం ఒకటి తీసింది. మందుల కంపెనీ క్యాలెండర్లోంచి కత్తిరించిన బొమ్మ. పసుపు గోడల ఇళ్ల మధ్య రాతి మెట్లు దిగుతున్నాయి. పైన తాడు మీద ఒక దుప్పటి ఆరేసి ఉంది. మెట్లు కిందికెళ్లి కుడివైపు తిరిగాయి. ఫొటో అక్కడితో అయిపోయింది. అడుగున చిన్న అక్షరాల్లో ఊరి పేరు.

“ఈ ఊరు మీ టూర్లో ఉందా బాబూ?”

ఉంది. ఆరో రోజు మధ్యాహ్నం, భోజనానికి ఆగుతారు.

“ఈ మెట్లు ఎటెళ్తాయి?”

“సముద్రానికే సిస్టర్. సముద్రం అక్కడ ఎంత బావుంటుందంటే...”

“సముద్రానికేం బాబూ, మాది నర్సాపురం పక్కనే. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నా. మెట్లు సంగతి చెప్పు. నువ్వు చూశావా?”

“లేదండి.”

“మరి.”

ప్రకాశరావుగారు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. “బీరువా తలుపు లోపల అంటించుకుందయ్యా దీన్ని. ఏళ్ల తరబడి తలుపు తీసి నిలబడేది. చీర తెమలట్లేదేమో అనుకునేవాణ్ణి.”

“నైట్ డ్యూటీ నుంచొచ్చి చూసేదాన్ని” అందావిడ. “రోజూ అక్కడిదాకా దిగుతాను. మలుపు దగ్గర ఆగిపోతాను. అటేపు ఏవుందో తెలీదు కదా.”

నేను చాలా కారణాలు విన్నాను. బావమరిది వెళ్లొచ్చాడని, పక్కింటివాళ్లు వెళ్లబోతున్నారని. ఇలాంటిది వినలేదు. వినగానే నాకు భయమేసింది.

“ఇది మాత్రం అక్కడ చెప్పకండి సిస్టర్. మెట్లు ఎటు తిరిగాయో చూడ్డానికి ఎవరూ విమానమెక్కరు. నమ్మరు.”

లోపలి గదిలోంచి మల్హోత్రా సాబ్ వచ్చాడు. నర్సు అన్నమాట ఆయన చెవిన పడింది. నర్సులంటే ఎంబసీలకి అప్పట్లో పెద్ద అనుమానం: టూరని వెళ్లి అక్కడే ఏదో ఆసుపత్రిలో చేరిపోతారని. “దీదీ, ఫారంలో హౌస్‌వైఫ్ అని రాసేద్దాం. గొడవుండదు” అన్నాడు, చాయ్‌లో చక్కెర వేసేద్దామన్నంత మామూలుగా. మా వృత్తిలో చిన్న అబద్ధం అలా మర్యాదలా నడుస్తుంది.

ఆవిడ బొమ్మ మడిచి బ్యాగులో పెట్టుకుంది. “ఇంట్లో వంట కూడా ఈయనే చేస్తారండి. నేను ఏ మొహంతో హౌస్‌వైఫని రాయను? నర్సు అనే రాయండి. ఇవ్వకపోతే మానేస్తారు.”

ఆ ‘మానేస్తారు’ ఆవిడ అన్నంత తేలిక కాదు. ఎన్నో ఏళ్లకి ఒకేసారి దొరికిన సెలవది. పైగా సంగతి వాళ్ల చర్చిదాకా వెళ్లింది. ఆదివారం అందరి ముందూ వీసా కోసం ప్రార్థన పెట్టారట. “ఇప్పుడు రాకపోతే మా పరువుతో ఆగదయ్యా” అన్నాడు ప్రకాశరావుగారు. “పాస్టరుగారిది కూడా పోతుంది.”

తర్ఫీదు

నేను ఆర్.కె. పురం వెళ్లి వాళ్లింట్లోనే తర్ఫీదిచ్చాను. ప్రకాశరావుగారు చిన్నప్పుడు వక్తృత్వ పోటీల్లో కప్పులు గెలిచిన మనిషి. మూడు వాక్యాలూ ఒక్కరోజులో వచ్చేశాయి. ‘చిత్రకారులను’ దగ్గర చెయ్యి కూడా ఎత్తేవాడు. ఆవిడ డ్యూటీకి వెళ్తూ బస్సులో, వస్తూ బస్సులో చదివింది. ఇద్దరూ ఒకే చోట ఊపిరి తీసుకునేవాళ్లు. నాకు గర్వంగా ఉండేది. ఇంత మంచి విద్యార్థులు జియా సరాయ్‌లో కూడా దొరకరు.

కూతురు మాత్రం గుమ్మంలో నిలబడి చూసి, “మమ్మీ, రట్టా మార్ రహే హో ఆప్ దోనో. పకడే జావోగే” అంది.

“ఏవంటుందండీ?” అన్నాను, అర్థమైనా.

“బట్టీ కొడుతున్నామంట, దొరికిపోతామంట” అన్నాడు తండ్రి. “దానికి తెలుగర్థమవుతుంది, మాట్టాడదు. హిందీలో మాత్రం అపశకునాలు బానే పలుకుతుంది.”

వేపచెట్టు కింద

ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే లూ, ఢిల్లీ వడగాలి, కొడుతోంది. వాళ్లిద్దరూ లోపలికెళ్లారు. నేను చెట్టు కింద మాత్ర మింగాను. గ్రూపు శనివారం బయల్దేరాలి. మరో తేదీ దొరకదు.

మధ్యాహ్నానికి ఇద్దరూ బయటికొచ్చారు. ప్రకాశరావుగారి చొక్కా వీపుకి అంటుకుపోయింది.

“ఏమైందండీ?”

“నేను మొత్తం చెప్పాను.”

“ఆ.”

“ఎక్కడా తడబడలేదు. చెయ్యి కూడా ఎత్తాను.”

“ఆ తర్వాత?”

“తర్వాత కౌంటర్లో ఆవిడ ఈవిణ్ణి అడిగింది. ఈవిడ మొదటి వాక్యం చెప్పింది. రెండోది చెప్పింది. అప్పుడు ఆవిడ చెయ్యి అడ్డంపెట్టి...” ఆయన గొంతు తగ్గింది. “మూడోది ఆవిడే చెప్పేసిందయ్యా. మన ప్రియమైన దేశంతో సహా.”

కొన్నేళ్లుగా నా కస్టమర్లు ముక్కలు ముక్కలుగా పారేసినదాన్ని ఆ కౌంటరావిడ ఏరుకుని కూర్చుకుంది. మావాళ్లిద్దరూ వచ్చి పూర్తి ప్రతి చూపించారు.

“ఈ చదువు చెప్పే స్కూలు ఎక్కడుందని అడిగింది” అంది సిస్టర్. “ట్రావెల్స్ అబ్బాయని చెప్పాను. అబద్ధం ఎందుకని.”

“మంచిది” అన్నాను.

“మరి నువ్వెందుకెళ్తున్నావని అడిగింది. మెట్లు సంగతి చెప్పాను. బొమ్మ చూపించాను. ఆ మలుపు అవతల ఏమీ లేకపోతేనో అంది. లేకపోతే లేదని తెలుసుకుని వచ్చేస్తాను, సోమవారం నుంచి నాకు డ్యూటీ అన్నాను. నాలుగింటికి రమ్మంది.”

నాలుగింటిదాకా మేం ముగ్గురం ఆ చెట్టు కిందే కూర్చున్నాం. ప్రకాశరావుగారు మధ్యమధ్యలో పెదాలు కదుపుతున్నాడు. మళ్లీ మూడు వాక్యాలేమోనని నాకు భయం. ప్రార్థనట. సిస్టర్ ఒక సమోసా తిని, ఇంకోటి నాకిచ్చి, ఖాళీ కడుపుతో ఆ మాత్రలు మింగకూడదని తిట్టింది.

నాలుగింటికి రెండు పాస్‌పోర్టులొచ్చాయి. ఆవిడకి వీసా ఇచ్చారు. ఆయనకి ఇవ్వలేదు.

కారణం చెప్పరు. నా అంచనా మాత్రం ఒకటే: ఆయన మూడు వాక్యాలూ పూర్తి చేశాడు.

“నేను వెళ్లనండి” అంది సిస్టర్, ఆయన పాస్‌పోర్టు మూసి.

“ఎందుకెళ్లవు?”

“మీరు లేకుండా వెళ్లి ఏం చూస్తాను?”

“మలుపు చూడు. నేనుంటే ఎలాగూ కాళ్లు నెప్పులని పైమెట్టు మీదే కూర్చుంటాను.”

“చర్చిలో ఏం చెప్తారు?”

“సగం ప్రార్థన ఫలించిందని చెప్తా. మిగతా సగం పాస్టరుగారు చూసుకోవాలి.” ఆయన నవ్వాడు గానీ రుమాలుతో మొహం తుడుచుకోవడానికి చాలాసేపు పట్టింది. “వెళ్లు రత్నం. ఇవాళ నువ్వు వెళ్లకపోతే, రేపట్నుంచి ఆ బీరువా తలుపు తీసినప్పుడల్లా ఆ మెట్లకి అడ్డంగా నాకు నేనే కనబడతాను.”

ఆవిడ శనివారం ఎక్కింది. ఆ ఎనిమిది రోజులూ ఆఫీసులో ఫోను మోగితే నా గుండె మోగేది. ఆవిడ నిజంగానే అక్కడ ఆసుపత్రిలో చేరిపోతే? మల్హోత్రా సాబ్ రోజూ అదే అడిగేవాడు, ధైర్యం చెబుతున్నాననుకుని.

సబ్బు

ఆవిడ సోమవారం డ్యూటీకి వెళ్లింది. మంగళవారం మా ఆఫీసుకొచ్చి నాకొక ఆలివ్ నూనె సబ్బు, మల్హోత్రా సాబ్‌కి ఒకటి ఇచ్చింది. నీడ గురించి నేను చెప్పింది నిజమేనంది. మధ్యాహ్నం ఊరు పడుకోవడమూ నిజమేనట.

“మలుపు సిస్టర్?”

“చూశాను.”

“ఏముంది?”

“చెప్పను.”

“అంత బాగుందా? బాగాలేదా?”

“మా ఆయనకే చెప్పలేదు బాబూ, నీకు చెబుతానా?”

నాలుగు రోజులకి ప్రకాశరావుగారు ఒంటరిగా వచ్చాడు. మొహం వాడిపోయింది. “ఏవయ్యా, ఇంతమందిని పంపావు కదా, ఆ మెట్ల కింద ఏముందో ఎవరైనా చెప్పారా?”

ఫోన్లు చేసి కనుక్కున్నాను. ఆ ఊళ్లో ఐస్‌క్రీమ్ ఎంతో అందరికీ గుర్తుంది. మెట్లు ఎవరూ గమనించలేదు.

ఏడాది తిరిగేసరికి ఆయన మళ్లీ దరఖాస్తు పెడతానన్నాడు. నిరాకరణ ముద్ర ఉన్న పాస్‌పోర్టు. నాకు మంట మొదలైంది. “ఏం చెప్పమంటావు?” అన్నాడు. “నన్ను మాత్రం అడక్కండి” అన్నాను. నా వృత్తి జీవితంలో నేనిచ్చిన ఉత్తమ సలహా అది.

అదే కౌంటరు, అదే ఆవిడ. ఎందుకెళ్తున్నారని అడిగింది. ఈయన చెయ్యెత్తలేదు. “మా ఆవిడ చూసొచ్చిందండి. ఏముందో నాకు చెప్పట్లేదు. ఏడాదైంది. ఇంట్లో ఉండలేకపోతున్నాను” అన్నాడట. ఆవిడ ఒకే ప్రశ్న వేసింది: మీ భార్య ఇంకా అదే ఆసుపత్రిలో పనిచేస్తోందా అని. చేస్తోందన్నాడు. ఆ సాయంత్రం వీసా వచ్చింది.

ఆయనొక్కడే వెళ్లాడు. వచ్చాక ఇద్దరూ కలిసి ఆఫీసుకొచ్చారు. నేను ప్రశ్న నోట్లోంచి తీయకముందే ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. ఆయన నా బల్ల మీద ఇంకో సబ్బు పెట్టాడు.

చేరబోయేవాళ్లకి

కస్టమరు కూర్చోగానే పోస్టరు వైపు చెయ్యెత్తకండి. ఎందుకు వెళ్లాలనుకుంటున్నారో అడిగి, పూర్తయ్యేదాకా ఆగండి. పిచ్చిగా ఉన్న కారణాన్ని సరిచేయకండి. వాళ్లని వెనక్కి తీసుకొచ్చేది కూడా అదే. నీడ అమ్మండి. కడుపు మంటకి సమోసా మందు కాదు గానీ ఖాళీ కడుపుకంటే నయం.

ఇక నాకు ఎంబసీతో ఉన్న పని. ఏజెన్సీ మూసేసే ముందు మల్హోత్రా సాబ్ నా బకాయిల బదులు ఒక టూరు టికెట్టిచ్చాడు. ఎనిమిదేళ్లు నేనమ్మిన తీరానికి. రేపు నా ఇంటర్వ్యూ. కౌంటర్లో ఇప్పటికీ ఆవిడేనట. ఆ స్కూలు నేనేనని తెలిస్తే ఏమంటుందో తెలీదు. ఎంతోమందికి జవాబు రాసిచ్చినవాడికి సొంత జవాబు తట్టట్లేదు. సిస్టర్‌కి ఫోన్ చేశాను.

“ఎందుకెళ్తున్నావంటే ఏం చెప్పమంటారు సిస్టర్?”

“నిజం చెప్పు బాబూ.”

“నా దగ్గర నిజం ఏముందండీ? ఎనిమిదేళ్లు అమ్మాను, ఒక్కసారీ చూడలేదు. అంతే.”

అవతల ఆవిడ ఎవరో పేషెంటుకి హిందీలో ఏదో చెప్పి, మళ్లీ ఫోన్ దగ్గరికొచ్చింది.

“అదే చెప్పు” అంది.

ఒక్క వాక్యం. కంఠతా రాకుండా జాగ్రత్తపడుతున్నాను.